తాడు చేతికి చుట్టుకోమన్నాడట

ఉధ్నా, బుధవారం రాత్రి

నా బిడ్డ సుజాత కుడిచేతి వేళ్లు రెండు విరిగాయి. బడిలో తాడు లాగే పోటీ పెట్టి, జారకుండా తాడును చేతికి చుట్టుకోమన్నాడట పీటీ సారు. దారమైనా తాడైనా చేతికి చుట్టుకోవద్దని మగ్గం పనిలో చేరిన మొదటి రోజే మాకు చెబుతారు. చదువుకున్న ఆయనకు ఎవరూ చెప్పలేదా? బడికెళ్లి అడిగితే, "ఆటలన్నంక దెబ్బలు తగలవా?" అని నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇంకా ఒళ్లు మండుతోంది.

ఇంటికొచ్చి ఆ కోపం బిడ్డ మీద చూపించాను.

"చుట్టుకోవద్దని నీకెన్నిసార్లు చెప్పిన?"

"సారుకు గదే చెప్పిన బాపూ. నోర్మూయమన్నడు. సారు చెప్పినట్టే వినాలని నువ్వే అంటవు గదా."

అవును, రోజూ బడికి పంపుతూ అనేది నేనే. రేపు ఆ సారును అందరి ముందూ నిలదీస్తాను. ఇకపై బడికి పంపుతూ దీనికేం చెప్పాలో మాత్రం తెలియడం లేదు.