నాన్న కారులో గుడ్డపేలిక

మన్సీ, ఇండియానా
శనివారం

వెర్నన్ అన్నయ్యకు, నెడీన్ రాసేది. ఇక్కడ అందరం కులాసా. నాన్న నాకిచ్చిన నోవా కారు కూడా క్షేమమే.

ఇంజనుకు గాలి దట్టించే టర్బో కొత్తది కొనే తాహతు మాకెక్కడిది? తుక్కు యార్డు లైల్ ప్రూట్ పాత లారీ నుంచి ఊడదీసింది చౌకగా ఇచ్చి, తనే వచ్చి బిగించాడు. ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషికి ఇంత దయేమిటా అని నాకు అప్పుడే అనుమానం. స్టార్ట్ చేయగానే వీధంతా నీలం పొగ. "ఇంజను పోయిందమ్మా! తుక్కు కింద నాకిచ్చేయండి" అన్నాడు, బానెట్ ఎత్తకుండానే. మీ బావ తలూపాడు గానీ నేను ఒప్పుకోలేదు.

లైల్ వెళ్ళాక, టర్బో నుంచి ఆయిల్ దిగే గొట్టం మీ బావచేత విప్పించాను. లోపల గుడ్డపేలిక కుక్కి ఉంది, కిందికి దిగలేని ఆయిలే కాలి పొగైపోతోంది. అది లాగేస్తే పొగ ఆగిపోయింది. ఇప్పుడు యాక్సిలరేటర్ నొక్కితే చాలు, వీపు సీటుకు అతుక్కుపోతోంది.

ఈ ఉదయం ఆ కారులోనే యార్డుకెళ్ళి, పేలిక అతని ముందు పడేశాను.

"ఎలకలు దూర్చి ఉంటాయి."

"ఎలకలు ఇంత చక్కగా మడతపెడతాయా, లైల్?"

దాంతో నోరు జారాడు. "నన్నంటావేం? ఎలాగోలా ఆ కారు నీ దగ్గర్నుంచి లాగి తనకిమ్మన్నది మీ అన్నే!"

నేను నమ్మలేదు. నమ్మకుండానూ ఉండలేకపోతున్నాను.

వదిన మోకాలి నొప్పి తగ్గిందా? అలాస్కా చలికి నేనల్లిన మేజోళ్ళు సరిపోయాయా? లైల్ మాట అబద్ధమైతే వెంటనే రాయి. నిజమైతే ఏమీ రాయకు, నాకు అర్థమవుతుంది. నన్నే అడిగి ఉంటే, వేసవిలో వచ్చి తోలుకుపొమ్మనేదాన్ని అన్నయ్యా.

పిల్లలకు నా ముద్దులు.