ఉతికిన కొలత

మా వర్ష వాళ్ళ బాపు, బావ జలపతికి,

తంగళ్ళపల్లి నుండి కల్యాణి నమస్కరించి రాయునది. ఇక్కడ వ్యాను తప్ప అందరం క్షేమం. మస్కట్‌లో నువ్వూ క్షేమమేనని తలుస్తాను.

నీ ఉత్తరం అక్కడి నుంచి సెలవుకొచ్చిన వీరేందర్ తెచ్చిచ్చాడు. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్ళీ ఉత్తరమేమిటని అత్తమ్మ నవ్వింది. నీ గదిలో ఎనిమిది మంది, ఇక్కడ నా పక్కన అత్తమ్మ, వర్ష. ఆ ఫోన్లో తిన్నావా, పడుకున్నావా తప్ప ఏముంటుంది? అందుకే నేనూ రాస్తున్నాను. శుక్రవారం వీరేందర్ తిరిగి వస్తూ దీన్ని నీ చేతికిస్తాడు.

అడిగినవి చెబుతాను. అత్తమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గింది. వర్ష చదువు బాగుంది, లెక్కలు మాత్రం నీ పోలికే. ఇక మన పాత వ్యాను సంగతి. అది తయారైతే క్యాన్సిల్ మీద, అంటే వీసా వదులుకొని వచ్చేస్తానని, గుడ్డ తానులు తోలుకుంటూ ఇక్కడే బతుకుదామని రాశావు. అది తయారు కాకపోతే చుట్టీ మీద, అంటే సెలవుకు వచ్చి, మళ్ళీ రెండేళ్ళ కోసం వెళ్ళిపోతానన్నావు. ఆ ముక్క ఎన్నిసార్లు చదివానో.

రేకుల పని చేసే బక్కయ్య తాత మన వాకిట్లోనే పని పెట్టుకున్నాడు. జంగు తిని తుప్పు రాలుతున్న రేకంతా కోసేశాడు. వ్యానుకు ఒక పక్క అంతా ఖాళీ. మధ్యాహ్నం పని తీరాక నేను వెళ్ళి అందులో కూర్చుంటాను. చుట్టుపక్కల ఇళ్ళలో గుడ్డ నేసే సాంచాలు ఆడుతుంటే దాని అడుగు సన్నగా వణుకుతుంది. కళ్ళు మూసుకుంటే బయలుదేరినట్టే ఉంటుంది. మానేరు దాటుతాం, పొలాలు దాటుతాం, ఎటు పోతున్నామో అడగాలనిపించదు. నువ్వు తోలుతుంటావు. నీ వీపు కనిపిస్తుంది గానీ, ఎంత తలచుకున్నా ముఖం రాదు. అలాగే నిద్ర పట్టేస్తుంది.

కొత్త రేకు కొలతకు తాత అట్ట అడిగాడు. అట్ట వంపు తిరగదని నేను సాంచా మీద నుంచి దిగిన కాటన్ కోరాగుడ్డ ఇచ్చాను. దాన్ని వ్యానుకు ఆనించి, వంపులన్నీ గీసి కత్తిరించుకున్నాడు. మరునాడు ఆ గుడ్డ పెట్టి రేకు కోస్తే రెండు వేళ్ళు తక్కువొచ్చింది. పాపం, చాలాసేపు తన కళ్ళజోడునే తిట్టుకున్నాడు. తర్వాత గుడ్డను చేతిలోకి తీసుకొని చూశాడు. జంగు మరకలు లేవు.

"గిది ఉతికినవా బిడ్డా? కోరాగుడ్డ తడిస్తే కురచయితదని సాంచాలోళ్ళ ఇంట్ల పుట్టినదానివి, నీకు తెల్వదా?" అన్నాడు.

మురికి చూసి మరిచిపోయి ఉతికానన్నాను. అత్తమ్మ నమ్మింది. ఫోన్లో నీకూ అదే చెబితే నవ్వావు.

బావా, నేను మరిచిపోలేదు. తెలిసే నానబెట్టాను.

పెళ్ళైన ఈ తొమ్మిదేళ్ళలో నువ్వు నాతో ఉన్నది మూడు చుట్టీలు. చిన్నప్పుడు మా ఇంటికొచ్చి నా జడ లాగిన బావ నాకు బాగా తెలుసు. మొగుడే తెలియడు. దేనికి కోపమొస్తుందో, ఊరికే కూర్చున్నప్పుడు ఏం మాట్లాడతాడో తెలియదు. ఇంటిని నా పద్ధతిలో నడుపుకోవడం అలవాటైపోయింది. నువ్వు వచ్చి ఇక్కడే ఉండిపోతావంటే సంతోషంతో పాటు భయమూ పుట్టింది. ఇంకొన్నాళ్ళు ఆగితే బాగుండుననుకున్నాను. నువ్వు ఎండలో కష్టపడుతుంటే నేను చేసిన పని ఇది. రాయడానికే సిగ్గుగా ఉంది.

నిన్న తాతకు నిజం చెప్పేశాను. తిడతాడనుకున్నాను, తిట్టలేదు.

"మీ బావ గూడ గట్లనే భయపడుతుండచ్చు. అడిగి సూడరాదూ?" అన్నాడు.

అందుకే అడుగుతున్నాను. నీకూ భయంగా ఉందా? ఉంటే దాచకు, రాసి పంపు.

రెండోసారి కొలతకు, తడిసినా కురచకాని పాలిస్టర్ గుడ్డ ఇచ్చాను. రేకు సరిగ్గా కూర్చుంది. వెల్డింగ్ అయిపోయింది, రంగు వేయాలి. నాకింకా భయంగానే ఉంది. అయినా క్యాన్సిల్ మీదే రా.

ఇట్లు,
నీ మరదలు
కల్యాణి