సీటు మిగిలితేనే

మా పంతులమ్మగారి అమ్మాయికి,

ముందు క్షేమ సమాచారం. ఇద్దరం బాగానే ఉన్నాం. కాకపోతే నిన్న ఎక్కడున్నామో ఇవాళా అక్కడే ఉన్నాం. మన కంపెనీ స్టివార్డు ఒకతను మధ్యాహ్నం విమానంలో వెనక్కి వెళ్తూ ఈ ఉత్తరం నీకిస్తానన్నాడు. ఫోన్లో ఎందుకు చెప్పలేదంటావా? మీ అమ్మగారు పక్కనే ఉన్నారు. పైగా ఫోన్లో అయితే సగంలో నువ్వు ఏడుస్తావు, మిగతా సగం నేను మింగేస్తాను.

ఇక్కడిదాకా మన కంపెనీ విమానంలో దర్జాగా వచ్చాం. ఇక్కణ్ణించి మనది లేదు, వేరే కంపెనీవాళ్ళ దయ. స్టాఫ్ టికెట్ సంగతి నీకు తెలిసిందే. డబ్బిచ్చి కొన్నవాళ్ళు ఎక్కాలి, తర్వాత ఆ కంపెనీ ఉద్యోగులు ఎక్కాలి, వాళ్ళ చుట్టాలు ఎక్కాలి, అప్పటికీ సీటు మిగిలితే మనం. నిన్న మిగల్లేదు. ఇవాళ రెండు మిగిలేలా ఉన్నాయని కౌంటర్లో అమ్మాయి ఆశపెట్టింది గానీ, ఆఖర్న రద్దయిన విమానం తాలూకు జనాన్ని తెచ్చి కుక్కేశారు. రోజుకు ఒక్కటే విమానం.

అత్తయ్యకి బయల్దేరేటప్పుడే చెప్పాను: మనం విసుక్కోకూడదు, కిటికీ పక్క సీటు కావాలని అడక్కూడదు, పిలిచేదాకా లేవకూడదు అని. "అంటే, మిగిలితే పెడతారు, లేకపోతే లేదు. అంతేగా?" అన్నారు. నాతో కాదు, ఎదురుగా ఉన్న గోడతో. ఇంట్లో అయితే మధ్యలో నువ్వుంటావు, "మీ ఆయన్ని ఆ ఫ్యాను చూడమను" అనడానికి. ఇక్కడ నువ్వు లేవు, పాపం గోడతో సరిపెట్టుకుంటున్నారు. ఇస్త్రీ చీర నలగకుండా, ఇన్‌స్పెక్షన్‌కి ఎవరో వస్తున్నట్టు నిటారుగా కూర్చున్నారు. గంటకోసారి సంచిలోంచి, మేం చూడబోయే స్నేహితురాలి కూతురు రాసిన ఉత్తరం తీసి చదువుకుంటున్నారు. ముప్ఫై ఏళ్ళు ఒకే స్టాఫ్‌రూములో పక్కపక్క కుర్చీల్లో గడిపిన మనిషి రోజుకింత మరిచిపోతోందట. ఈ నెల దాటితే పోల్చుకుంటుందో లేదో తెలియదట. ఇక్కడ పోయే ఒక్కో రోజూ ఆవిడకి ఎక్కడ తగులుతోందో నాకు కనబడుతూనే ఉంది.

ఇప్పుడు అసలు విషయం. నాలుగేళ్ళుగా నీ దగ్గర దాచాను.

ఆ స్నేహితురాలు కూతురి దగ్గరికి వెళ్ళిపోయే ముందు ఒకసారి మనింటికొచ్చారు, గుర్తుందా? నువ్వు ఆఫీసులో ఉన్నావు. నాకు సెలవు. వంటింట్లో సింకు కింద దూరి పైపు బిగిస్తున్నాను. ముందుగదిలో మాటలన్నీ వినబడుతున్నాయి. "మీ అల్లుడేం చేస్తాడే?" అని అడిగారావిడ. "ఎయిర్‌లైన్స్‌లో ఆఫీసరు" అన్నారు అత్తయ్య. సర్లే అనుకున్నాను. ఇంతలో నా చేతిలోంచి రెంచి జారి గచ్చు మీద ఠంగుమని పడింది. "లోపలెవరు?" అన్నారావిడ. "ప్లంబరు" అన్నారు అత్తయ్య.

పని పది నిమిషాల్లో అయిపోయింది. కానీ నేను బయటికొస్తే అత్తయ్య మాట అబద్ధమైపోతుంది కదా. అందుకని ఆ స్నేహితురాలు వెళ్ళేదాకా, గంటసేపు, ఆ సింకు కిందే మోకాళ్ళు ముడుచుకుని ఉన్నాను. నా చేతులకి గ్రీజు ఉంటుంది, నిజమే. ఆ చేతులు సంతకం చేస్తే తప్ప విమానం కదలదు, అదీ నిజమే. మొదటిది అత్తయ్యకి కనిపిస్తుంది, రెండోది కనిపించదు.

మా అమ్మ లేదు కాబట్టి స్టాఫ్ టికెట్ ఫారంలో 'తల్లి' అన్న గడిలో ఆవిడ పేరే రాశాను. ఈ ప్రయాణం చేయించి తీరతాను. కానీ తిరిగొచ్చాక ఆవిడ ఇంట్లో ఉండలేను. నేను పనిచేసే విమానాల షెడ్డు దగ్గర రెండు గదుల ఇల్లొకటి చూసి పెట్టాను. నువ్వూ వస్తావనే నమ్మకం. ఆవిణ్ణి వదిలి రానంటే నీ మీద కోపం రాదు గానీ, నాకేం చెయ్యాలో తెలియదు.

నీ మెకానిక్కు

* * *

మా పంతులమ్మగారి అమ్మాయికి,

అత్తయ్య ఎక్కేశారు. నేను ఎక్కలేదు.

నిన్న అందరూ లోపలికి వెళ్ళాక కౌంటరమ్మాయి మమ్మల్ని పిలిచింది. "ఒక్క సీటే ఉందండీ. ఇంకోటి ఉంది గానీ దాని వీపు నిటారుగా నిలబడటం లేదు. ఎవర్నీ కూర్చోనివ్వరు" అంది.

అత్తయ్య నావైపు తిరిగారు. గోడవైపు కాదు, నావైపే. "నువ్వు బాగుచెయ్యలేవా?"

"ఐదు నిమిషాల పని అత్తయ్యా. కానీ పరాయి కంపెనీ విమానం, నేను చెయ్యి పెట్టకూడదు."

ఆవిడ ఊరుకోలేదు. ఆ అమ్మాయితో క్లాసులో చెప్పినట్టు గట్టిగా, "అమ్మాయ్, మా అల్లుడు విమానాల మెకానిక్కు. చేస్తాడు. లోపలికి పంపించు" అన్నారు. ఆ పిల్ల నవ్వలేక, నవ్వాపుకోలేక, "మా వాళ్ళు కూడా తెరిచారండీ, ఏదో స్ప్రింగు కావాలట. తలుపు మూసేస్తున్నాం. ఒకరు వస్తారా, లేదా?" అంది.

"వెళ్ళండత్తయ్యా."

"ఒక్కదాన్నా?"

"అవతల ఆవిడ కూతురు వస్తుంది. రేపు సీటుంటే నేనూ వస్తాను."

వెళ్ళారు. విమానంలోకి వెళ్ళే వంతెనలో మలుపు దగ్గర ఆగి వెనక్కి చూశారు, ఏదో అన్నారు. నాకు వినబడలేదు.

ఇవాళ కూడా చూశాను, సీటు లేదు. నా సెలవు అయిపోయింది, రేపు మన విమానంలో తిరిగొచ్చేస్తున్నాను. ఆవిడ ఆ కౌంటరమ్మాయితో "మా అల్లుడు మెకానిక్కు" అన్న మాట నీకు చెప్పకపోతే అన్యాయమవుతుందని రాశాను. అలాగని ఒక్క మాటకి నాలుగేళ్ళు చెరిగిపోతాయా చెప్పు? ఆ రెండు గదుల ఇంటాయన్ని మాత్రం వారం గడువు అడిగాను.

నీ మెకానిక్కు

* * *

బాబూ,

నిన్నేమని పిలవాలో తెలియక మూడు కాగితాలు పాడుచేశాను. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి ఉత్తరం రాయడం నేర్పినదాన్ని.

నువ్వు వేరే ఇల్లు చూస్తున్నావని అమ్మాయి ఫోన్లో చెప్పింది. కారణం చెప్పలేదు. చెప్పక్కర్లేదు, నాకు తెలుసు. పది నిమిషాల పనికి గంట పట్టిన రోజునే తెలుసు. నువ్వు బయటికొచ్చి చేతులు కడుక్కుని, "నీళ్ళు కారడం ఆగిందత్తయ్యా" అన్నావు. అంతే. నాలుగు మాటలు అనేసి ఉంటే నేనూ ఏదో ఒకటి అని తేలికపడేదాన్ని. ఆ తర్వాత నీ మొహం చూసి మాట్లాడే ధైర్యం నాకు లేకపోయింది. దాన్ని మీరంతా గర్వం అనుకున్నారు. కొంత గర్వమే అనుకో.

ఇక్కడికొచ్చిన రోజు నా స్నేహితురాలు నన్ను పోల్చుకోలేదు. "కూర్చోండి, మీ పిల్లాడు ఏ క్లాసు?" అంది. బయటికెళ్ళి ఏడ్చాను. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ ఉన్నట్టుండి, "ఏమే, ఎప్పుడొచ్చావ్? చెప్పనైనా లేదేం?" అంది. ఒక గంట నా మనిషి నాకు దొరికింది. ఆ గంటలో చెప్పేశాను, ఆ రోజు మా వంటింట్లో ఉన్నది ప్లంబరు కాదు, నా అల్లుడు అని. ఆఫీసరు కాదు, విమానాలు బాగుచేస్తాడని. అది తిడుతుందనుకున్నాను. "అయ్యో, మరి పిలవవే, చూస్తాను" అంది. మధ్యాహ్నానికి అంతా మరిచిపోయింది.

మర్నాడు మళ్ళీ, "మీ అల్లుడేం చేస్తాడే?" అని అడిగింది. మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. వారంలో నాలుగుసార్లు చెప్పాను బాబూ. దానికి ప్రతిసారీ కొత్త, నాకు ప్రతిసారీ సిగ్గు. ప్రతిసారీ అది గుమ్మంవైపు చూసి అదే మాట, "పిలవవే, చూస్తాను" అని. ఎవర్ని పిలవను? వచ్చిన ఒక్క సీటూ నాకిచ్చి నువ్వు అక్కడ ఆగిపోయావు.

ఇవాళ నన్ను అస్సలు గుర్తుపట్టలేదు. ఇక గుర్తుపడుతుందని వాళ్ళమ్మాయికీ ఆశ లేదు. ఇంకో వారం ఆలస్యమై ఉంటే నాకు ఆ గంట కూడా దక్కేది కాదు.

ఇల్లు సంగతి. తీసుకో. నా మీద జాలితో ఆగిపోవద్దు. అల్లుడు అత్తగారింట్లో సర్దుకుపోవడమెంత కష్టమో నాకు ఇక్కడ తెలిసింది. ఒకరింట్లో వారం ఉండేసరికి గ్లాసు ఎక్కడ పెట్టాలో కూడా అడగాల్సొస్తోంది. కాకపోతే ఒక మాట. రెండు గదులదని అమ్మాయి అంది. మూడు గదులది దొరుకుతుందేమో చూడు. ఇన్నాళ్ళూ నువ్వు నా ఇంట్లో ఉన్నావు. నీకిష్టమైతే ఇకమీద నేను నీ ఇంట్లో ఉంటాను. గ్లాసు ఎక్కడ పెట్టాలో నువ్వే చెబుదువుగాని. వద్దనుకుంటే అదీ చెప్పు, ఏమీ అనుకోను.

బుధవారం విమానానికి నా పేరు రాయించాను. సీటు మిగిలితే వస్తాను, లేకపోతే గురువారం. కంగారుపడొద్దు, కూర్చోవడం నాకు అలవాటైంది.

మీ అత్తయ్య