మునేరు అవతల బెర్లిన్

దానియేలు మాస్టారూ,

మీరు పోయి నేటికి ఏడాది. పొద్దున్నే జగ్గయ్యపేట వెళ్లాను. మీరు పెట్టిన అలవాటు ప్రకారం శెట్టిగారి కొట్టు అరుగు మీద ఇప్పటికీ పత్రిక పైకి చదువుతున్నారు. మీ చోట కొత్త పంతులుగారు కూర్చున్నారు.

చదివింది నా వ్యాసమే, బెర్లిన్ నగరానికి సరుకులు వెళ్లే దారులు మూసేసిన సంగతి. ఒక్క అక్షరం మార్చలేదు. మీరు మార్చి చదివారనే కదా నేను మీతో పోట్లాడింది! పాలస్తీనాను చీల్చడం మీద నేను రాసింది చదువుతూ, అందులో లేని మాట కలిపి, "ఇటు జగ్గయ్యపేట ఒకళ్లది, అటు నందిగామ ఇంకొకళ్లది అన్నారనుకోండి. మధ్యలో మీ పొలం ఉంది. ఏం చేస్తారు?" అని అడిగారు మీరు. నా వాక్యాల్లో సాహిత్యం ఉందని నా పొగరు. దాన్ని పాడుచేశారని నెల రోజులు మీతో మాట్లాడలేదు.

ఇవాళ వ్యాసం అయ్యాక, కూలికి పోతూ ఆగిన మరియమ్మ అడిగింది: "మరి ఆ ఊళ్లో జనం ఏం తింటన్నారండీ?"

"అది ఇందులో రాయలేదమ్మా" అన్నారు పంతులుగారు.

రాయనివాణ్ణి నేను, వెనకే నిలబడి ఉన్నాను. మరియమ్మ కొడవలి తీసుకుని వెళ్లిపోయింది.

నందిగామ తిరిగొచ్చి ఆ వ్యాసాన్నే మళ్లీ రాయడానికి కూర్చున్నాను. "కీసర దగ్గర మునేరు దాటనివ్వకుండా, బెజవాడ నుంచి మనకొచ్చే ఉప్పూ కిరసనాయిలూ ఆపేశారనుకోండి" అని మొదలుపెట్టాను. ఎడిటరు కొట్టేస్తాడేమో తెలీదు.

మాస్టారూ, ఈసారి మీరు మార్చడానికి ఏమీ మిగల్చలేదు.