పై అరలో డజను గాజులు

బళేపేట, బెంగళూరు
13 ఆగస్టు 2024, మంగళవారం

చిరంజీవి వెంకటరమణకు,

పెద్దక్క పాపక్క దీవెనలు. స్వామి దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను.

నిన్న సోమవారం ఎప్పటిలాగే కొట్టు తలుపు తీసి, గడపకు నీళ్లు చల్లి, స్వామి పటానికి దీపం పెట్టాను. వరలక్ష్మి పండగ సరుకు పొద్దున్నే దిగింది. తమ్ముడు చంద్రశేఖర్ పెట్టెలు విప్పుతున్నాడు. వాడి కూతురు అర్పిత కాఫీ తెచ్చి, ఆ చేత్తోనే నీ ఉత్తరం ఇచ్చింది. ఇదే బెంగళూరులో, బొమ్మసంద్రలో ఉంటూ ఫోన్ చేయకుండా రాశావంటే, నా గొంతు వినడానికి జంకావని అర్థమైంది.

యాభై రెండేళ్లకు నీ తొలి పుస్తకం అచ్చుకు పోతోంది. ఇరవై రెండేళ్ల వయసులో నా మీద రాసిన కవితకు నేను నొచ్చుకుంటానని దాన్ని తీసేస్తానన్నావు. అది లేకపోతే ఆ పుస్తకమే వద్దనిపిస్తోందనీ అన్నావు. కవితను ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి జత చేశావు.

పై అరలో డజను గాజులు.
ఏ చేతి కోసమో చేసి
ఏ చేతికీ రాయని విధి.
దుమ్ము వాటి వయసు రాస్తోంది.
మోగని పన్నెండు సద్దులు
వినడానికి ఎవరూ లేరు.

అర్పిత నా భుజం మీదుగా చదివి, ఏందత్తా, పెదనాయన నిన్నే కదా రాసిండేది, కోపం రాలేదా నీకు అంది. చంద్రశేఖర్ మండిపడ్డాడు. అక్కను మిగిలిపోయిన సరుకంటాడా, ఇది అచ్చులోకి పోతే నేనా పుస్తకం ముట్టను పో అన్నాడు.

నేను ఇంకోసారి చదివాను. విధిని అరగా చూపావు. ముసలితనాన్ని దుమ్ముగా, లోపలుండీ బయటపడని శక్తిని మోగని సద్దుగా చూపావు. మూడూ కుదిరాయి. తప్పు ఒక్కటే. గాజుల కొట్టువాడి కొడుకువై ఉండి నువ్వు ఒక్కరోజూ కొట్లో కూర్చోలేదు.

స్టూలెక్కి పై అరలోని ఆ గాజుల డబ్బా దింపాను. ఆ ఎర్ర గాజుల్ని గడపలో ఎండకు పట్టి, పొద్దున దిగిన సరుకులోని కొత్త ఎరుపు పక్కన ఉంచాను. కొత్తది ఒక పిసరు నల్లగా ఉంది. ఆ పెట్టె వెనక్కి పంపమన్నాను.

అవి మాదిరి గాజులురా. ముప్పై నాలుగేళ్లుగా మన కొట్టుకొచ్చిన ప్రతి ఎరుపూ వాటితో సరిపోలాకే లోపలికొచ్చింది. పేటలో మన ఎరుపుకు పేరుందంటే వాటివల్లే. అమ్ముడుపోక ఉన్నవి కావు, అమ్మకూడదని ఉంచినవి.

అట్లయితే పెదనాయన రాసింది తప్పా అని అడిగింది అర్పిత. ఇరవై రెండేళ్ల పిల్లవాడు కిందినుంచి చూసి రాశాడమ్మా, కిందినుంచి డబ్బా మీది దుమ్మే కనపడుతుంది అన్నాను. చంద్రశేఖర్ ఆ గాజుల్ని తన పంచె కొంగుతో తుడిచాడు.

నువ్వూ అంతే. ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలో మిషన్ల మధ్య ఉండి రాయడం మానలేదు. నిన్ను మిగిలిపోయినవాడని ఎవరంటారు?

సాయంత్రం దీపాలు పెట్టాక అందరం కూర్చున్నాం. తేలింది ఇది. కవిత మొదటి పేజీలో ఉంటుంది, ఒక్క అక్షరం మారదు. పుస్తకం అచ్చయి వచ్చిన ఆదివారం మన కొట్టు గడపలోనే విడుదల. ఆ రోజు ఆ డజనూ నేను వేసుకోవాలట. ఈ లావు చేతికి ఎక్కుతాయా అన్నాను. సబ్బుండాది కదక్కా అన్నాడు, పొద్దున కేకలేసిన చంద్రశేఖరే. పై అరలోకి కొత్త మాదిరిని అర్పిత ఎంచుతుంది.

దీపం దగ్గర రోజూ నీ పేరు తలిచే
అక్క,
పాపక్క

తా.క. నాయన పోయాక నాకొక్కదానికే తెలిసిన మాట ఒకటుంది. నువ్వా కవిత రాయడానికి నాలుగేళ్ల ముందు, పెండ్లిచూపులకొచ్చిన కోలారువాళ్లు నన్ను వద్దన్నారని అందరూ అనుకున్నారు. వద్దన్నది నేను. పెండ్లయ్యాక కొట్లో కూర్చోకూడదన్నారు వాళ్లు. ఆడపిల్లే కాదందంటే ఇంటి పరువు పోతుందని, వాళ్లే వద్దన్నారని చెప్పమని నాయనను నేనే అడిగాను. మరుసటి రోజే ఆ పన్నెండు గాజులు నా చేత్తో ఎంచి పై అరలో పెట్టాను. కవితలో విధిని ఉండనీరా, పాపం. నా విషయంలో దానికి పనే పడలేదు.