బయటికి రాని ఖాళీ తూటా

శనివారం, పుంగనూరు

ఈ రోజు కూడా రెడ్డెమ్మ కాల్చినప్పుడల్లా ఖాళీ తూటా రైఫిల్లోనే ఇరుక్కుంది. చేత్తో లాగితే బోల్టు వెనక్కి వస్తుంది, ఆ తూటా మాత్రం రాదు. ప్రతిసారీ నేను గొట్టం మూతి నుంచి కడ్డీ దూర్చి తోయాల్సి వచ్చింది. రేపే మదనపల్లెలో ఎన్‌సీసీ షూటింగ్ జట్టుకు సెలక్షన్. మా కాలేజీ క్యాడెట్లకు ఉన్నది ఈ ఒక్క రైఫిలే.

"నా చేతిలోనే బలం లేదు సార్. గట్టిగా లాగలేకపోతాండాను" అంది.

సాయంత్రం లోపలంతా బ్రష్షుతో తోమాను. వేరే పెట్టెలోని తూటాలు వేసి చూశాను. అదే వరస. చివరికి బోల్టు ఊడదీసి టార్చి వేస్తే తెలిసింది. తూటా అంచును పట్టి లాగే చిన్న కొక్కెం అరిగిపోయింది. ఇక ఎవరు లాగినా ఒకటే. సర్కారు ఆయుధం కాబట్టి నేను రిపేరు చేయకూడదు. బెటాలియన్‌కి ఫోన్ చేస్తే, సెలక్షన్ అయ్యాక పంపమన్నారు. అయ్యాక ఎందుకంట?

చెబితే పిల్లకు రైఫిల్ మీద నమ్మకం పోతుంది. చెప్పకపోతే తన చేతి మీదే పోతుంది. చెప్పడమే మేలనుకుని ఫోన్ చేశాను. వాళ్ళమ్మ ఎత్తింది.

"పాప నిద్రపోయింది సార్. వారం నుంచి ఇంటికొస్తే సాలు, తలుపు గడియ లాగతా, మూస్తా ఉండాది. యాలమ్మా అంటే, చేతికి బలం రావాలంటాది. అరచెయ్యంతా బొబ్బలు. ఇప్పుడన్నా బాగా లాగతాండాదా సార్?"

"బాగా లాగతాండాదమ్మా" అన్నాను.