మంచు పట్టిన పోలీసు కారు

చీఫ్ బ్రెక్కె గారికి,

అనుమతి లేకుండా పోలీసు కారు మీద చెయ్యి వేశానని మీరు పంపిన నోటీసు అందింది. వేసిన మాట నిజమే.

ఆ స్కూలు మూలలో పిల్లల్ని రోడ్డు దాటించడం నాకు పందొమ్మిదేళ్ల పని. బళ్లు ఆగడం లేదని సెప్టెంబరులో మొరపెట్టుకుంటే మీరు అక్కడొక ఖాళీ కారు నిలబెట్టించారు. దానికే రెండు నెలలు అందరూ భయపడ్డారు. మంచు పడ్డాక గుట్టు బయటపడింది. మూడు రోజులు అద్దం మీద మంచు అలాగే ఉంటే ఎవరికి తెలియదు? పాల ట్రక్కు నడిపే డ్వేన్ కిటికీ దించి, "ఏం పెద్దమ్మా, మీ పోలీసాయన లోపలే గడ్డకట్టుకుపోయాడా?" అని నవ్వుతూ నేను ఎత్తి పట్టుకున్న స్టాప్ బోర్డు ముందునుంచే దూసుకుపోయాడు. రెండో క్లాసు టిల్లీ చెయ్యి నా చేతిలో ఉంది కాబట్టి సరిపోయింది. మీ ఆఫీసుకు ఫోన్ చేస్తే, "చూస్తాంలెండి" అన్నారు.

అందుకే రోజూ ఏడింటికే వెళ్లి కారు మీది మంచు దులిపాను. మా ఆయన పాత బూట్లు తొడుక్కుని కారు తలుపు దాకా అడుగుల గుర్తులు వేశాను. బానెట్ మీద కాఫీ కప్పు కూడా పెట్టాను. బళ్లు మళ్లీ నెమ్మదించాయి.

ఇన్నేళ్లలో ఆ మూలలో నోటీసు అందుకున్న మొదటి మనిషిని నేనే.

మీరు రమ్మన్నట్టే గురువారం ఉదయం ఎనిమిదింటికి విచారణకు వస్తాను. అది పిల్లలు రోడ్డు దాటే వేళ. నా బదులు ఎవరినైనా పంపండి. కారును కాదు, మనిషిని.

ఇట్లు,
మీ నోటీసులో పేరున్న ముసలమ్మ